ఒకే 1984 సీసీ, ఒకచోట 190 హార్స్‌పవర్, ఇంకోచోట 333: ఈఏ888 ఇంజన్ లెక్కలు

2025లో మన దేశంలో నెలల తేడాతో అమ్మకానికి వచ్చిన నాలుగు కార్ల బ్రోషర్లు పక్కపక్కన పెట్టి చూస్తే తల గోక్కోవాల్సి వస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ టిగ్వాన్ ఆర్-లైన్, స్కోడా కొడియాక్, గోల్ఫ్ జీటీఐ, ఆక్టేవియా ఆర్ఎస్. నాలుగింటిలోనూ 1984 సీసీ ఇంజనే, నాలుగు సిలిండర్లు, టర్బో పెట్రోల్. కానీ మొదటి రెండింటికి 204 హార్స్‌పవర్, తర్వాతి రెండింటికి 265. యూరప్‌లో అమ్మే గోల్ఫ్ ఆర్‌లో అదే 1984 సీసీ నుంచి 333 లాగుతున్నారు. పోర్షే మకాన్ పెట్రోల్ బేస్ మోడల్‌లో ఉన్నదీ ఈ ఈఏ888 కుటుంబం ఇంజనే, ఆ మాట షోరూంలో ఎవరూ తమంతట తాము ఎత్తరనుకోండి.

ఇక్కడి నుంచి మొదలవుతుంది గొడవ. ఒక వర్గం "అంతా సాఫ్ట్‌వేరే భయ్యా, లాప్‌టాప్ పెట్టి రీమ్యాప్ చేయిస్తే టిగ్వాన్ కూడా జీటీఐ అయిపోతుంది" అంటుంది. (రీమ్యాప్ అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లోని సెట్టింగులు మార్చడం.) సెకండ్ హ్యాండ్ కార్ల దగ్గర ఇంకో రకం గొడవ. "ఆ ఇంజన్ ఆయిల్ తాగుతుంది, దాని జోలికి పోవద్దు" అని ఒకరు, "లక్షన్నర కిలోమీటర్లు తిప్పాను, ఇంజన్ మీద చెయ్యి పెట్టే పనే పడలేదు" అని ఇంకొకరు. తమాషా ఏంటంటే వీళ్ళెవరూ పూర్తిగా తప్పు కాదు. ఒకే పేరు పెట్టుకుని వేర్వేరు ఇంజన్ల గురించి మాట్లాడుకుంటున్నారు, అంతే.

(ఇందులో హార్స్‌పవర్ అంకెలన్నీ యూరప్ పద్ధతి పీఎస్‌లోవి. బీహెచ్‌పీకీ దానికీ ఒకటిన్నర శాతం కన్నా తక్కువే తేడా.)

1984 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది

ఈఏ888 అనేది ఫోక్స్‌వ్యాగన్ గ్రూపులో ఒక ఇంజన్ ప్రాజెక్టుకు ఇచ్చుకున్న నంబరు. డిజైన్ చేసింది ఆడి. అంతకుముందున్న ఈఏ113 ఇంజన్‌లో టైమింగ్ బెల్టు (పిస్టన్ల కదలికకు తగ్గట్టు వాల్వులు తెరుచుకునేలా తిప్పే పట్టీ) ఉండేది, 2007 ప్రాంతంలో దాని స్థానంలో టైమింగ్ చైన్‌తో ఇది మొదలైంది. ఆడి కార్ల మీద టీఎఫ్ఎస్ఐ అని, ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల మీద టీఎస్ఐ అని రాస్తారు. టీఎస్ఐ అని ఉన్నదల్లా ఈఏ888 కాదు మళ్ళీ. కుషాక్, వర్టస్‌లలో వచ్చే 1.0, 1.5 టీఎస్ఐలు ఈఏ211 అనే వేరే కుటుంబం, అల్యూమినియం బ్లాక్, టైమింగ్ బెల్టు.

సిలిండర్ లోపలి వ్యాసాన్ని బోర్ అంటారు, పిస్టన్ కిందికీ పైకీ కదిలే దూరాన్ని స్ట్రోక్ అంటారు. ఈ 2.0 ఇంజన్‌కు బోర్ 82.5 మి.మీ., స్ట్రోక్ 92.8 మి.మీ. అంటే బోర్ వైశాల్యం సుమారు 53.46 చదరపు సెం.మీ., దాన్ని 9.28తో గుణిస్తే ఒక్కో సిలిండర్‌కు 496 సీసీ, నాలుగింటికి కలిపి 1984. బోర్ అలాగే ఉంచి, స్ట్రోక్‌ను సుమారు 84కి తగ్గిస్తే అదే బ్లాక్ 1.8 లీటర్ల ఇంజన్ అవుతుంది. మన స్కోడా లారా, పాత సూపర్బ్, ఆక్టేవియాలలో వచ్చిన 1.8 టీఎస్ఐ అదే.

ఇక అసలు అంకె 88. ఒక సిలిండర్ మధ్య బిందువు నుంచి పక్క సిలిండర్ మధ్య బిందువుకు దూరం 88 మి.మీ. ఇందులోంచి 82.5 తీసేస్తే రెండు సిలిండర్ల మధ్య మిగిలే గోడ ఎంత? 5.5 మి.మీ. చిటికెన వేలంత కూడా లేదు. దానికి అటూ ఇటూ పెట్రోల్ మండుతూ ఉంటుంది. బ్లాక్‌ను పోత ఇనుముతో చేయడానికి ఇది ముఖ్య కారణం. బరువు ఎక్కువైనా ఆ సన్నటి గోడ ఒత్తిడికి వంగకుండా నిలబడుతుంది, లోపల విడిగా లైనర్లు దిగ్గొట్టే పని కూడా ఉండదు. బోర్ పెంచి సీసీ పెంచుదామంటే చోటు లేదు. అందుకే పద్దెనిమిదేళ్ళుగా సీసీ 2 లీటర్ల దగ్గరే ఆగింది, హార్స్‌పవర్ మాత్రం పెరుగుతూ పోయింది.

ఆ 88 మి.మీ.ని అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నారు

ఫ్యాక్టరీ కోసం. బ్లాక్‌ను కోసే, తొలిచే యంత్రాలన్నీ ఆ కొలతకు బిగించి ఉంటాయి, దాన్ని మార్చడమంటే లైను మొత్తం విప్పి మళ్ళీ కట్టడమే.

ఈ ఇంజన్‌కు పెద్ద పుట్టిల్లు హంగేరీలోని గ్యోర్ అనే ఊరు, వియన్నాకూ బుడాపెస్ట్‌కూ మధ్యలో ఉంటుంది. 1993లో ఆడి అక్కడ అడుగుపెట్టి, రాబా అనే స్థానిక కంపెనీకి చెందిన ఖాళీ షెడ్డును తీసుకుని, మరుసటి ఏడాది నుంచి ఇంజన్లు చేయడం మొదలుపెట్టింది. ఇప్పుడది ప్రపంచంలోని అతి పెద్ద ఇంజన్ ప్లాంట్లలో ఒకటి. 2018లో అన్ని రకాలూ కలిపి 19.5 లక్షల ఇంజన్లు దాకా చేశారు. ఏడాదికి 300 రోజులు రాత్రింబవళ్ళు నడిచిందనుకుంటే సగటున 13 సెకన్లకు ఒక ఇంజన్ బయటికొచ్చినట్టు. మెక్సికోలో సిలావో దగ్గర 2013 జనవరిలో ఇంకో ప్లాంటు తెరిచారు, అది ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు నూరో ప్లాంటు. ఏడాదికి 3.3 లక్షల ఇంజన్ల సామర్థ్యం, అమెరికా మార్కెట్ కార్లకు ఇంజన్లు అక్కడి నుంచే వెళ్ళాలని ప్లాను. చైనాలో చేసేవి వేరే.

లోపల జరిగే పనుల్లో రెండు నాకు భలే ఇష్టం. ఒకటి, హోనింగ్. సిలిండర్ గోడను అద్దంలా నున్నగా చేసి వదిలేయరు. చివర్లో సానరాళ్ళు బిగించిన పనిముట్టును తిప్పుతూ పైకీ కిందికీ ఆడిస్తారు, గోడ మీద ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకునే సన్నటి గీతలు పడతాయి. ఆయిల్ ఆ గీతల్లో నిలిచి పిస్టన్ రింగులకు అందుతుంది. గీతలు మరీ లోతైతే ఆయిల్ ఎక్కువ నిలిచి కాలిపోతుంది, మరీ పైపైన ఉంటే రింగులు ఎండిపోయి గోడను గీకేస్తాయి.

రెండోది, కనెక్టింగ్ రాడ్‌ను విరగ్గొట్టడం. పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే ఈ రాడ్‌కు కింది చివర ఒక పెద్ద కన్నం ఉంటుంది, క్రాంక్ చుట్టూ బిగించాలంటే అది రెండు ముక్కలుగా ఉండాలి. పూర్వం రెండు ముక్కలు విడిగా చేసేవారు. ఇప్పుడు ఒకే ముక్కగా చేసి, లోపల సన్నగా గాటు పెట్టి, ఒక్క దెబ్బతో పగలగొడతారు. విరిగిన అంచు గరుకుగా, ప్రపంచంలో ఇంకో రాడ్‌కు సరిపోని ఆకారంలో ఉంటుంది. మళ్ళీ బోల్టులు బిగిస్తే ఆ రెండు ముక్కలూ వెంట్రుకంత తేడా లేకుండా ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి. షెడ్డులో ఇంజన్ విప్పినప్పుడు నాలుగో నంబరు క్యాప్ తీసుకెళ్ళి రెండో నంబరు రాడ్‌కు పెడితే అంతే సంగతులు.

బేరింగులకు రంగు గుర్తులు ఉంటాయి, క్రాంక్ అసలు కొలతను బట్టి దేనికి ఏ మందం వేయాలో ఎంచుకుంటారు. ఇప్పటి ప్లాంట్లలో తయారైన ప్రతి ఇంజన్‌నూ పెట్రోల్ పోసి స్టార్ట్ చేసి చూడరు. ఎలక్ట్రిక్ మోటారుతో తిప్పి, ఆయిల్ ఒత్తిడి, తిరగడానికి పడుతున్న బలం కొలుస్తారు. నిజంగా మండించి చూసేది కొన్నింటినే.

టర్బో చేసేదల్లా గాలి నింపడం

ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోల్ ఎంతైనా చిమ్మొచ్చు, ఇబ్బందంతా గాలితోనే. సైలెన్సర్ వైపు వృథాగా పోయే వేడి పొగతో ఒక చిన్న చక్రాన్ని నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిప్పి, అదే ఇరుసు మీదున్న ఇంకో చక్రంతో గాలిని సిలిండర్లలోకి నొక్కి పెట్టడమే టర్బో పని. గాలి ఎంత ఎక్కువ పడితే పెట్రోల్ అంత ఎక్కువ కాల్చొచ్చు, బలం అంత ఎక్కువ వస్తుంది.

మరి ఇష్టమొచ్చినంత నింపేయొచ్చుగా? కుదరదు, నాకింగ్ వస్తుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది, సిలిండర్‌లో పిస్టన్ దాన్ని ఇంకా నొక్కుతుంది. స్పార్క్ ప్లగ్ వెలిగించిన మంట అంతటా పాకేలోపే ఓ మూలనున్న మిశ్రమం తనంతట తానే పేలితే టకటకమని శబ్దం వస్తుంది, గట్టిగా వస్తే పిస్టన్ విరుగుతుంది. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మడం వెనక ఒక కారణం ఇదే. పెట్రోల్ ఆవిరవుతూ లోపలి గాలిని చల్లబరుస్తుంది. అయినా నాకింగ్ మొదలైతే సెన్సర్ కనిపెట్టి స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేస్తుంది, పికప్ తగ్గుతుంది.

ఎక్కువ టార్క్ ఉన్నదానికే తక్కువ హార్స్‌పవర్

బ్రోషర్లలో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. క్రాంక్ తిరిగే మెలి బలం టార్క్, దాన్ని న్యూటన్ మీటర్లలో చెబుతారు. ఆ బలంతో నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగిందన్నది కూడా కలిస్తే హార్స్‌పవర్. సూత్రం చిన్నదే: టార్క్ × చుట్లు ÷ 7024.

ఒకే 1.8 ఇంజన్, మూడో తరం (తరాల సంగతి చివర్లో వస్తుంది). ఆక్టేవియాలో 180 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్లు. ఆడి ఏ4లో 170 హార్స్‌పవర్, 320 న్యూటన్ మీటర్లు. హార్స్‌పవర్ తక్కువున్న ఏ4కు టార్క్ ఏకంగా 70 ఎక్కువ. అచ్చుతప్పేమో అనిపిస్తుంది కదా.

లెక్క వేయండి. ఏ4లో 320 టార్క్ 3700 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) వరకే ఇస్తారు, 320 × 3700 ÷ 7024 అంటే దాదాపు 169. అక్కడి నుంచి టార్క్‌ను తగ్గించుకుంటూ పోయి హార్స్‌పవర్‌ను 170 దగ్గరే నిలబెడతారు. ఆక్టేవియాలో 250 టార్క్‌ను 5000 ఆర్పీఎం దాకా లాగుతారు, 250 × 5000 ÷ 7024 అంటే 178. టార్క్ తక్కువే, కానీ ఎక్కువ దూరం పట్టుకొచ్చారు కాబట్టి చివర్లో హార్స్‌పవర్ ఎక్కువ తేలింది.

ఆక్టేవియాకు 250 దగ్గర ఎందుకు ఆపారు? గేర్‌బాక్స్. అందులో ఉన్నది డీక్యూ200 అనే ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్, క్లచ్‌లు ఆయిల్‌లో మునగవు), దాని సామర్థ్యమే 250. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఈ గేర్‌బాక్స్ పేరు చెబితే పాత ఓనర్ల మొహాలు మారతాయి, అది వేరే వ్యాసం. ఇక్కడ పనికొచ్చేది ఒకటే: బ్రోషర్ మీద టార్క్ అంకె ఇంజన్ చేతగానితనమే కానక్కర్లేదు, ఆ కారులో దాని వెనక ఏ గేర్‌బాక్స్ ఉందో కూడా చెబుతుంది.

అదే లెక్క 2025 కార్లకు వేస్తే, టిగ్వాన్ 320 × 4500 ÷ 7024, అంటే 205, బ్రోషర్‌లో 204. జీటీఐకి టార్క్ 370, 4500 దగ్గర 237 వస్తుంది, కానీ బ్రోషర్‌లో 265. అంటే 4500 తర్వాత కూడా టార్క్ పెద్దగా పడిపోకూడదు. 5250 ఆర్పీఎం దగ్గర 265 రావాలంటే ఇంకా 354 న్యూటన్ మీటర్లు చేతిలో ఉండాలి. టౌన్‌లో 2000 ఆర్పీఎం దగ్గర నడిపేవాడికి రెండు కార్ల మధ్య కనిపించే తేడా ఆ 50 న్యూటన్ మీటర్లే, అది కూడా కాలు గట్టిగా వేసినప్పుడే. 265 అనే అంకె నిజంగా బయటపడేది ఓఆర్ఆర్ మీద, అక్కడ స్పీడ్ కెమెరాలు ఉంటాయి మరి.

సాఫ్ట్‌వేరేనా, లోపల సామాను కూడా వేరా

కొంతవరకు సాఫ్ట్‌వేరే. 2017లో మనకు వచ్చిన ఆక్టేవియా ఆర్ఎస్ 230, 2020లో వచ్చిన ఆర్ఎస్ 245 లాంటి జంటల్లో తేడా చాలావరకు ట్యూనింగ్‌దే. కానీ రెండు చోట్ల ఆ మాట నిలవదు.

మొదటిది హార్స్‌పవర్ బాగా ఎక్కువున్న చివర. ఏడో తరం గోల్ఫ్‌లో జీటీఐకి ఐహెచ్ఐ కంపెనీ ఐఎస్20 టర్బో పెట్టారు, 300 హార్స్‌పవర్ గోల్ఫ్ ఆర్‌కు అంతకన్నా పెద్దదైన ఐఎస్38. టర్బోతో పోలేదు, సిలిండర్ హెడ్, ఎగ్జాస్ట్ వాల్వులు, వాటి స్ప్రింగులు, పిస్టన్లు, ఇంజెక్టర్లు కూడా మార్చారు. చిన్న టర్బో త్వరగా ఊపందుకుంటుంది కానీ పైన ఆయాసపడుతుంది, పెద్దది పైన బాగా ఊదుతుంది కానీ అందుకోవడానికి కాస్త టైం తీసుకుంటుంది.

రెండోది హార్స్‌పవర్ తక్కువున్న చివర, నాకైతే ఇదే ఎక్కువ ఆసక్తికరం. 2015లో ఆడి ఏ4 కోసం 190 హార్స్‌పవర్, 320 న్యూటన్ మీటర్ల 2.0 తెచ్చారు. అప్పటికే 220, 230 ఇస్తున్న ఇంజన్‌ను తగ్గించడం ఎందుకన్నారు చాలామంది. అసలు విషయం హార్స్‌పవర్ కాదు, మైలేజీ. ఆడి ఇంజనీర్ రాల్ఫ్ బుడాక్ పేరుతో దీన్ని బీ-సైకిల్ అంటారు, మూలం పాత మిల్లర్ సైకిల్. మామూలుగా గాలి లోపలికి వచ్చే వాల్వు క్రాంక్ 190 నుంచి 200 డిగ్రీలు తిరిగేదాకా తెరిచి ఉంటుంది. ఇందులో నెమ్మదిగా వెళ్తున్నప్పుడు 140 డిగ్రీలకే మూసేస్తారు. పిస్టన్ ఇంకా కిందికి పోతూనే ఉంటుంది, లోపలున్న గాలి వ్యాకోచించి చల్లబడుతుంది. తర్వాత నొక్కడం మొదలైనా, నిజంగా నొక్కేది తక్కువ గాలిని కాబట్టి నాకింగ్ భయం తగ్గుతుంది. ఆ ధైర్యంతో కంప్రెషన్ నిష్పత్తిని (సిలిండర్‌లో గాలిని ఎన్నో వంతుకు నొక్కుతారన్న అంకె) 11.7కి పెంచారు. జీటీఐ రకం ఇంజన్లలో అది 9.6 దగ్గర ఉంటుంది. నిష్పత్తి పెరిగితే మండిన వాయువు పిస్టన్‌ను ఎక్కువసేపు నెట్టి, ఉన్న వేడిలో ఎక్కువ భాగాన్ని పనిగా మారుస్తుంది. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే కామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) మీద ఇంకో ప్రొఫైల్‌కు మారి వాల్వు 170 డిగ్రీల దాకా తెరుచుకుంటుంది.

కాబట్టి 11.7 కంప్రెషన్ ఇంజన్‌ను లాప్‌టాప్‌తో 265 ఇంజన్ చేయడమంటే, లోపల పిస్టన్లూ కామ్‌లూ అవే ఉంచి, వాటికి పడని పని చెప్పడమే. హార్స్‌పవర్ పెరగదని కాదు, పెరుగుతుంది. నాకింగ్‌కు దగ్గరగా నడుస్తుంది, అంతే.

రీమ్యాప్ చేసేవాళ్ళ వాదనలోనూ బలం ఉంది. 220 హార్స్‌పవర్ జీటీఐలు ఒక్క ఫైల్‌తో 300 దగ్గరకు వెళ్ళి ఏళ్ళ తరబడి తిరుగుతున్నాయి, లోహంలో అంత మిగులు ఉందన్నది నిజమే. కంపెనీ వైపు వాదన, ఆ మిగులు ఊరికే పెట్టింది కాదని. మే నెల విజయవాడ ఎండలో, ఏసీ ఫుల్‌లో, నలుగురితో ఘాట్ ఎక్కేటప్పుడు, పైగా ఏ బంకులో ఏ పెట్రోల్ దొరికితే అది పోసుకున్న కారు కూడా వారంటీ దాటాక నడవాలి. ఒకరు మంచి రోజున ఇంజన్ ఏం చేయగలదో చూస్తారు, ఇంకొకరు చెడ్డ రోజున ఏం కాకూడదో చూస్తారు.

ఈ20 సంగతి ఒక మాట

ఇథనాల్ కలిపిన పెట్రోల్ గురించి గొడవ ఎలాగూ నడుస్తోంది. లీటరు పెట్రోల్‌లో సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి ఉంటే లీటరు ఇథనాల్‌లో 21. ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపినది, లెక్క 0.8 × 32 + 0.2 × 21, అంటే 29.8. అసలు పెట్రోల్ కంటే 7 శాతం తక్కువ. ఈ10తో (10 శాతం ఇథనాల్) పోలిస్తే మూడున్నర శాతమే తక్కువ, ఈ20కి ముందు కొన్నేళ్ళు మనం పోసుకున్నది ఈ10 కాబట్టి న్యాయంగా దాంతోనే పోల్చాలి.

ఇథనాల్ నాకింగ్‌ను బాగా తట్టుకుంటుంది, ఆవిరయ్యేటప్పుడు ఎక్కువ చల్లబరుస్తుంది. టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్‌కు ఈ రెండూ పనికొచ్చే గుణాలే, స్పార్క్‌ను ముందుకు జరుపుకోగలిగితే పోయిన శక్తిలో కొంత తిరిగొస్తుంది. కానీ ఆ లాభం ఈ20 కోసం ట్యూన్ చేసిన ఇంజన్‌కే. పాత లారాకు దక్కేది మైలేజీ తగ్గుదల ఒక్కటే, పైగా రబ్బరు పైపులు, సీళ్ళ గురించి టెన్షన్ అదనం.

ఆయిల్ తాగిన తరం

ఇప్పుడు చెడ్డపేరు దగ్గరికి వద్దాం. అది ఊరికే రాలేదు.

రెండో తరం వచ్చింది 2008 ప్రాంతంలో. మైలేజీ కోసం లోపల రాపిడి తగ్గించాలని పిస్టన్ రింగులు సన్నగా చేసి, గోడను అదిమే బిగువు తగ్గించారు. సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను కిందికి గీకి దింపాల్సింది అడుగున ఉండే ఆయిల్ రింగు, గీకిన ఆయిల్ పిస్టన్‌లోని చిన్న రంధ్రాల గుండా తిరిగి కిందికి పోవాలి. బిగువు తక్కువున్న రింగు సరిగ్గా గీకదు, మిగిలిన ఆయిల్ కాలి మసవుతుంది, ఆ మసి వెళ్ళి రంధ్రాలను మూసేస్తుంది, అప్పుడు ఆయిల్ ఇంకా ఎక్కువ మిగులుతుంది. ఒకసారి మొదలైతే అది దానికదే పెరిగే జబ్బు. అమెరికాలో 2009 నుంచి 2011 దాకా వచ్చిన ఆడి ఏ4, ఏ5, క్యూ5 ఓనర్లు కోర్టుకెక్కితే చివరికి సెటిల్‌మెంట్ జరిగింది. పిస్టన్లు, రింగులు మార్చాల్సి వచ్చింది, చాలావాటికి కనెక్టింగ్ రాడ్లూ మార్చారు. అక్కడ స్థిరపడిన మనవాళ్ళలో ఆ ఏళ్ళలో వాడిన క్యూ5 కొన్నవాళ్ళను అడిగితే డిక్కీలో ఎప్పుడూ ఒక ఆయిల్ డబ్బా ఉండేదని చెబుతారు.

కంపెనీ అప్పట్లో చెప్పిన మాట, ఆయిల్ కొంత కాలడం మామూలేనని. మాన్యువల్‌లో 1000 కిలోమీటర్లకు అర లీటరు దాకా పర్వాలేదని ఉండేది. ఈ లెక్కను కాస్త సాగదీస్తే, 15,000 కిలోమీటర్ల సర్వీసుకు ఏడున్నర లీటర్లు. ఆ ఇంజన్‌లో మొత్తం పట్టేదే అయిదు లీటర్ల లోపు. టర్బో ఇంజన్ కాస్త ఆయిల్ వాడుతుందనడం నిజమే, కొత్త కారు రింగులు సర్దుకునేదాకా ఎక్కువే వాడొచ్చు, గట్టిగా తోలేవాడికి ఇంకాస్త ఎక్కువ. కానీ ఆ పరిమితిని అన్ని కార్లకూ సమాధానంగా చూపించడం నాకు సమంజసంగా అనిపించదు.

రెండో జబ్బు టైమింగ్ చైన్ టెన్షనర్. చైన్ వదులు కాకుండా ఆయిల్ ఒత్తిడితో నెట్టి పట్టే చిన్న భాగం అది. బండి ఆపితే ఆయిల్ ఒత్తిడి ఉండదు కాబట్టి వెనక్కి పోకుండా పళ్ళ మీద ఒక కొక్కెం ఆపాలి. పాత టెన్షనర్లలో ఆ కొక్కెం జారేది. సైకిల్ చైన్ వదులైతే పళ్ళ మీది నుంచి జారినట్టే, పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే చైన్ రెండు పళ్ళు దాటేది. ఇంజన్‌లో అయితే అది వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని వంగిపోవడం, హెడ్ మొత్తం పని. స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో గరగరమని చప్పుడు రావడం దీని ముందస్తు గుర్తు. తర్వాత టెన్షనర్ డిజైన్ మార్చారు, ఈ విషయం కూడా అమెరికాలో కోర్టుకు, సెటిల్‌మెంట్‌కు వెళ్ళింది.

మూడోది మసి. పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో పడితే ఇన్‌టేక్ వాల్వుల వెనక భాగాన్ని కడిగేవాళ్ళు ఉండరు, ఆయిల్ ఆవిరి అక్కడ చేరి గట్టిపడుతుంది. ఇది ఈ కుటుంబానికే ప్రత్యేకం కాదు, డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లన్నింటికీ ఉన్నదే.

2011లో మొదలైన మూడో తరం ఈ ఇంజన్‌ను దాదాపు కొత్తగా రాసింది. యూరప్ వెర్షన్లలో సిలిండర్‌లోకి ఒక ఇంజెక్టర్, బయట పోర్టులోకి ఇంకోటి పెట్టారు. ముఖ్య ఉద్దేశం పొగలో నుసి తగ్గించడమే, వాల్వులు కడగడం అదనంగా కలిసొచ్చింది. అమెరికాకు వెళ్ళిన చాలా కార్లలో ఈ రెండో ఇంజెక్టర్ పెట్టలేదు, మసి మీద అక్కడా ఇక్కడా అభిప్రాయాలు కలవకపోవడానికి అదొక కారణం. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను (సిలిండర్ల పొగను ఒకచోట చేర్చే గొట్టాన్ని) సిలిండర్ హెడ్‌లోనే కలిపేసి చుట్టూ కూలెంట్ తిప్పారు. దాంతో టర్బోకు వెళ్ళే పొగ చల్లబడింది, వేగంగా వెళ్ళేటప్పుడు టర్బోను కాపాడటానికే అదనంగా పెట్రోల్ చిమ్మాల్సిన అవసరం తగ్గింది. దీనికీ ఒక సొంత తలనొప్పి ఉంది, ప్లాస్టిక్ బాడీతో వచ్చే వాటర్ పంప్, థర్మోస్టాట్ మాడ్యూల్ కారడం. ఖర్చు ఉంటుంది, కానీ రెండో తరంలాగా ఇంజన్ దింపే పని కాదు. 2020లో వచ్చిన నాలుగో తరం పెట్రోల్ చిమ్మే ఒత్తిడిని 350 బార్‌కు పెంచింది, 2024లో వచ్చిన అయిదో తరం మిల్లర్ సైకిల్‌తో పాటు రెక్కలు కదిలే టర్బోను తెచ్చింది.

మన రోడ్ల మీద ఏది ఏ తరం

లారా 1.8 టీఎస్ఐ, 2009లో వచ్చిన సూపర్బ్ 1.8 టీఎస్ఐ, రెండూ 160 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్లు. ఇవి పాత తరాలవి. చైన్, ఆయిల్ గురించి వినే కథలు వర్తించేది వీటికి, వీటి కాలం నాటి ఆడిలకు. 2013 చివర్లో వచ్చిన ఆక్టేవియా 1.8 మూడో తరం, దానిలో ఇంజన్ కన్నా డీక్యూ200 గేర్‌బాక్స్ చరిత్ర ముఖ్యం. తర్వాత వచ్చిన 190 హార్స్‌పవర్ సూపర్బ్, కొడియాక్ 2.0లలో వెట్ క్లచ్ (ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్) డీక్యూ381 ఉంది కాబట్టి 320 న్యూటన్ మీటర్లు ఇవ్వగలిగారు. ఓఎల్‌ఎక్స్‌లో వీటన్నింటి కిందా "టీఎస్ఐ, టర్బో, నంబర్ వన్ కండిషన్" అనే రాస్తారు. తరాన్ని ఖాయంగా చెప్పేది ఆ మాటలు కాదు, తయారైన సంవత్సరం, ఇంజన్ నంబరు ముందుండే అక్షరాలు.